మెట్ల మీద మణిశర్మ

కర్నూలు కొండారెడ్డి బురుజు ముందు నిలబడితే చాలామందికి చరిత్ర కంటే ముందు 'ఒక్కడు' గుర్తొస్తుంది. 2003 జనవరి 15న విడుదలైన ఆ సినిమాలో, కబడ్డీ ఆడటానికి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రవాడు తనకేమీ కాని ఒక అమ్మాయి కోసం ఓబుల్ రెడ్డికి ఎదురు తిరిగేది అక్కడే. ఆ ఘట్టం తలపుకు రాగానే మహేశ్‌బాబు, ప్రకాశ్‌రాజ్ ముఖాలతో పాటు వెనక మోగిన సంగీతం కూడా చెవిలో మొదలవుతుంది. అది మణిశర్మదని అందరికీ తెలుసు. దాన్ని ఎలా తయారు చేస్తారో తెలిసినవాళ్ళు తక్కువ.

1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి', ఆ మరుసటి సంక్రాంతికి 'ఒక్కడు'. సీమ కథలతో వచ్చిన ఇన్ని పెద్ద సినిమాలకు ఒక్కడే సంగీత దర్శకుడు. ఆ సినిమాలు సీమను చూపిన తీరు మీద మనవాళ్ళకు పేచీ ఉండొచ్చు. పత్తి ధర, వాన రాక, వలస బతుకు తెలిసిన పడమటి కర్నూలు మనిషికి ఆ సుమోలూ బాంబులూ తన ఊరివనిపించవు. ఆ సంగీతం పనితనం మీద మాత్రం పేచీకి తావు లేదు. మణిశర్మ అంతకు ముందు ఏళ్ళ తరబడి ఇతరుల దగ్గర కీబోర్డు వాయించినవాడు. ఆయన పాటనైనా, నేపథ్య సంగీతాన్నైనా విప్పి చూస్తే లోపల కీబోర్డు మనిషి ఆలోచనే కనిపిస్తుంది. అందుకే ముందు ఆ వాయిద్యం దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి పాటకూ సినిమాకూ పోవడం మంచిది.

మణిశర్మ 1964 జులై 11న మచిలీపట్నంలో పుట్టారు. అసలు పేరు యనమండ్ర వేంకట సుబ్రహ్మణ్య శర్మ. తండ్రి వయొలిన్ కళాకారుడు. తెలుగు సినిమా అప్పుడు మద్రాసులో ఉండేది కాబట్టి పెంపకం, సంగీతం, పని అన్నీ మద్రాసులోనే. అక్కడి స్టూడియోల్లో ఒక పాట రికార్డింగు అంటే పెద్ద హాలు నిండా మనుషులు. వయొలిన్లు వరసలుగా కూర్చునేవి. ఫ్లూటు, వీణ, సితార, తబలా, ఢోలక్, గిటారు ఎవరి మైకు ముందు వాళ్ళు. సంగీత దర్శకుడి సహాయకుడు నొటేషన్ రాసి పంచేవాడు. కండక్టర్ చెయ్యి ఊపగానే అందరూ కలిసి వాయించాలి, గాయకుడూ అప్పుడే పాడాలి. నాలుగో నిమిషంలో ఒక్కరు తప్పు చేసినా మళ్ళీ మొదటి నుంచి. ఆ హాల్లో పని చేసే వయొలినిస్టుకు తన వరస తెలిస్తే చాలు. కీబోర్డు వాయించేవాడికి అలా కుదరదు. ఆ పూట రాని వాయిద్యం, కర్ర వాయిద్యంలో దొరకని శబ్దం, శ్రుతుల మధ్య నింపాల్సిన ఖాళీ, అన్నీ అతని మీదే పడతాయి. మిగతా అందరూ ఏం వాయిస్తున్నారో చెవి పెట్టి వినకపోతే అతని చెయ్యి ఎక్కడ పడాలో తెలియదు.

ఇక ఆ పెట్టె లోపల ఏముంది? పైకి కనిపించేవి నల్ల మెట్లు, తెల్ల మెట్లు. స్థాయికి పన్నెండు. హార్మోనియంలో మెట్టు నొక్కితే గాలి పోయి రీడు మోగుతుంది. కీబోర్డులో మెట్టు కింద రెండు స్పర్శ బిందువులు ఉంటాయి. వేలు దిగేటప్పుడు మొదటిదాన్ని తాకిన క్షణానికీ రెండోదాన్ని తాకిన క్షణానికీ మధ్య ఎంత తక్కువ వ్యవధి ఉంటే అంత గట్టిగా కొట్టినట్టు లెక్క. ఆ బలాన్ని యంత్రం 1 నుంచి 127 దాకా ఒక అంకెగా రాసుకుంటుంది. ఏ మెట్టు, ఎంత బలం, ఎప్పుడు నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న నాలుగు సంగతులే ఒక్కో మెట్టు గురించి అది దాచుకునేది. 1983లో ఖరారైన మిడి అనే ఒప్పందం వల్ల ఆ అంకెలను ఒక కంపెనీ కీబోర్డు మరో కంపెనీ కీబోర్డుకు తీగ ద్వారా పంపగలదు. ఒక్క తీగలో పదహారు మార్గాలు. అంటే ఒక్కడు కూర్చుని పదహారు రకాల వాయిద్యాలకు విడివిడిగా ఆజ్ఞలు ఇవ్వవచ్చు.

శబ్దం పుట్టించే పద్ధతులు ఆ దశాబ్దంలోనే మూడు మెట్లు ఎక్కాయి. 1983లో వచ్చిన యమహా డిఎక్స్7 ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిలించి గంటల మోతనూ, ఎలక్ట్రిక్ పియానో మెరుపునూ ఇచ్చింది. 1987లో వచ్చిన రోలాండ్ డి-50 ఒక చిన్న కిటుకు పట్టింది. ఏ వాయిద్యాన్నైనా మన చెవి మొదటి క్షణంలోనే గుర్తుపడుతుంది. కాబట్టి ఆ మొదటి తునకను మాత్రం నిజం వాయిద్యం నుంచి రికార్డు చేసి పెట్టి, తర్వాత సాగే నాదాన్ని యంత్రం చేత పుట్టించింది. 1988లో వచ్చిన కార్గ్ ఎం1లో నిజం వాయిద్యాల నమూనాలు, డ్రమ్ములు, ఎఫెక్టులు, పైగా వాయించినదాన్ని గుర్తుపెట్టుకుని తిరిగి వాయించే ఎనిమిది ట్రాకుల సీక్వెన్సర్ అన్నీ ఒకే పెట్టెలో చేరాయి. పాట మొత్తాన్ని ఒకే బల్ల మీద కట్టే వీలు అప్పుడు వచ్చింది. మద్రాసు స్టూడియోల్లో కీబోర్డు ప్రోగ్రామర్ అనే ఉద్యోగం ఈ కాలంలోనే గట్టిపడింది. సంగీత దర్శకుల జంట రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రవాడు తర్వాత ఏ.ఆర్.రెహమాన్ అయ్యాడు. ఇళయరాజా, రాజ్-కోటి, కీరవాణి వంటివారి పాటలకు వాయించిన మణిశర్మ కూడా ఆ బల్ల దగ్గర తయారైనవారే.

పన్నెండు మెట్లతో మన సంగీతం వాయించడంలో ఒక చిక్కు ఉంది. మన రాగానికి ప్రాణం గమకం. స్వరం ఒక చోట నిలవదు, పక్క స్వరాన్ని తాకి వస్తుంది, ఊగుతుంది, జారుతుంది. మెట్టు మాత్రం నిలిచి ఉండే ఒకే స్వరాన్ని ఇస్తుంది. దీనికి విరుగుడు కీబోర్డు ఎడమ చివర ఉండే పిచ్ బెండ్. కొన్నింటిలో అది చక్రం, కొన్నింటిలో చిన్న పిడి. మామూలుగా అది స్వరాన్ని పైకి రెండు మెట్లు, కిందికి రెండు మెట్లు దాకా జరుపుతుంది. ఆ కాస్త దూరాన్నీ మిడి 16,384 అడుగులుగా విడగొట్టింది కాబట్టి జారుడు ఎక్కడా మెట్లు మెట్లుగా వినిపించదు. కుడిచెయ్యి స్వరం మీద, ఎడమచెయ్యి పిడి మీద. ఎడమచెయ్యి మెల్లగా తోస్తే జారు, చిన్నగా వణికిస్తే కంపితం. రెండు చేతులకూ ఒకే రాగం తెలిసి ఉండాలి. పాశ్చాత్య దేశాల్లో గిటారు మెలికల కోసం ఎక్కువగా వాడే ఈ పిడిని నాదస్వరం, వేణువు పలికించడానికి వాడటం మన స్టూడియోల్లో రోజూ జరిగే సాధన. వాద్యకారుడి ఇంట్లో పుట్టి పెరిగినవాడికి ఏ స్వరాన్ని ఎంత దూరం తోయాలో లెక్కతో పని లేదు.

మణిశర్మను సినిమా రంగం మొదట గుర్తించింది పాటలతో కాదు. రాంగోపాల్‌వర్మ 1992లో తీసిన 'రాత్రి'కి నేపథ్య సంగీతం ఆయన చేశారు. దయ్యం సినిమాలో సంగీతమే సగం కథ చెప్పాలి. కెమెరా ఖాళీ మెట్ల మీద, మూసిన తలుపు మీద ఆగినప్పుడు అక్కడ భయపడాల్సిందేదో ఉందని ప్రేక్షకుడికి చెప్పేది శబ్దమే. తర్వాత కొన్నేళ్ళు మళ్ళీ ఇతరుల దగ్గర పని. సంగీత దర్శకుడిగా పేరు పడిన తొలి సినిమా 1997లో ఏవీఎస్ దర్శకత్వంలో వచ్చిన 'సూపర్ హీరోస్'. 1998లో చిరంజీవి సినిమాలు రెండు, 'బావగారూ బాగున్నారా', 'చూడాలని వుంది', ఆయన్ను ఒక్కసారిగా ముందు వరసకు తెచ్చాయి. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్ళు. అవకాశం ఆలస్యంగా వచ్చింది కానీ, వచ్చేనాటికి చేతిలో పని పూర్తిగా పండి ఉంది.

ఇప్పుడు పాట కట్టే క్రమం చూద్దాం. దర్శకుడు సందర్భం చెబుతాడు. సంగీత దర్శకుడు కీబోర్డు మీద ఒక తాళం వేసుకుని, తత్తకారంతోనో లలలతోనో పల్లవి బాణీ పాడతాడు. దర్శకుడికి నచ్చిన బాణీ రచయిత చేతికి వెళుతుంది. ఇంత దాకా అందరూ చేసేదే. కీబోర్డు మనిషి తేడా ఇక్కడ మొదలవుతుంది. అతనికి బాణీ ఒంటరిగా రాదు. ఎడమచేతి కింద బేసు, దాని మీద కలిసి మోగే స్వరాల కార్డులు, వెనక సన్నగా పరుచుకునే ప్యాడ్, వేళ్ళ చివర తాళం, అన్నీ కలిసే పుడతాయి. రచయితకు పాట ఇచ్చేసరికే దాని అస్థిపంజరం సిద్ధం.

తర్వాత ఆ అస్థిపంజరాన్ని సీక్వెన్సర్‌లోకి ఎక్కిస్తారు. మొదట క్లిక్, అంటే లయను చూపే చప్పుడు. దాని మీద డ్రమ్ములు, ఢోలక్ లూపులు. ఇక్కడ క్వాంటైజ్ అనే మీట ఒకటి ఉంటుంది. వాయించేటప్పుడు చెయ్యి అటూ ఇటూ అయిన దెబ్బలను యంత్రం తీసుకెళ్ళి సరిగ్గా గీత మీద కూర్చోబెడుతుంది. అన్నింటినీ గీత మీద పెడితే పాట చచ్చిపోతుంది. ఢోలక్ వాద్యకారుడి చెయ్యి గీతకు వెంట్రుకవాసి వెనక పడటంలోనే ఊపు ఉంటుంది. కిక్ డ్రమ్‌ను గీత మీద ఉంచి, ఢోలక్‌ను మనిషి చేతికే వదలడం, చిడతలను కొంచెం ముందుకు జరపడం, ఇవన్నీ చెవితో తేల్చాల్సిన నిర్ణయాలు. బేసు తర్వాత కార్డులు, వాటి తర్వాత ప్యాడ్లు, స్ట్రింగ్స్. చివరికి మనుషులు వస్తారు. ఫ్లూటు, వయొలిన్లు, సన్నాయి, గిటారు, ఒక్కొక్కరు ఒక్కో కాల్షీట్‌లో వచ్చి, యంత్రం నడిపే లయ మీద తమ వరస వాయించి వెళతారు. ఎమ్మిగనూరు మగ్గాలు ఎరిగినవారికి ఈ పని కొత్తగా అనిపించదు: యంత్రంలో ముందే బిగించి పెట్టిన ట్రాకులు పడుగు, మనిషి వాయించి నింపేది పేక. పడుగు బిగువు సరిగా లేకపోతే ఎంత మంచి పేకైనా నిలవదు.

ఆఖరున గొంతు. 'ఒక్కడు' పాటలనే తీసుకుంటే, సాహిత్యం సిరివెన్నెల సీతారామశాస్త్రిది. పాడినవారిలో ఉదిత్ నారాయణ్, శ్రేయా ఘోషల్ ఉన్నారు. తెలుగు మాతృభాష కాని గొంతు చేత తెలుగు పాడించాలంటే ముందు ట్రాక్ గాయకుడు మాదిరి పాడి పెడతాడు. అసలు గాయకుడు దాన్ని విని, తన లిపిలో రాసుకుని, పంక్తి పంక్తిగా పాడతాడు. హ్రస్వం దీర్ఘమైతే అర్థం మారుతుంది, ఒత్తు జారితే మాట మారుతుంది. ఆ పంక్తుల్లో ఏది ఉంచాలి, ఏది మళ్ళీ పాడించాలి అని నిర్ణయించే మనిషి అద్దం ఇవతల కూర్చుని ఉంటాడు. సంగీత దర్శకుడిలోని ప్రొడ్యూసర్ పని అదే. బాణీ కట్టినంత శ్రద్ధ అక్కడా పెట్టాలి.

అన్ని వాయిద్యాలూ వేళ్ళ కింద ఉన్నవాడికి పెద్ద పరీక్ష, ఏది వాడకుండా ఉండాలో తెలియడం. 2001 ఫిబ్రవరిలో వచ్చిన కృష్ణవంశీ 'మురారి'లో పెళ్ళిపాట ఉంది. దాన్ని జిక్కి, సునీత, సంధ్య పాడారు. పాతతరం సినిమా గొంతును తెచ్చి కొత్తతరం గొంతుల పక్కన నిలబెట్టడమే సగం సంగీతం. పెళ్ళింట ఆడవాళ్ళు ఒకరు అందుకుంటే ఇంకొకరు కలిపే పద్ధతి ఆ పాట నడక. అందులో యంత్రం ముందుకు వస్తే ఇల్లు పోయి స్టూడియో కనిపిస్తుంది. అందుకే వెనక వాయిద్యాలన్నీ గొంతులకు ఒదిగి ఉంటాయి. ఈ రోజుకీ ఆదోని కల్యాణ మండపంలో తలంబ్రాల వేళ ఆ పాట వినిపిస్తుందంటే, అది సినిమా పాట అన్న సంగతి సగం మరుగున పడిందనే అర్థం.

అదే ఏడు ఏప్రిల్‌లో వచ్చిన 'ఖుషి'లో దీనికి ఎదురు పని చేశారు. 1955 నాటి 'మిస్సమ్మ'లోని సాలూరి రాజేశ్వరరావు పాటనొకదాన్ని కొత్తగా చేసి పెట్టారు. రాజేశ్వరరావు కొడుకు కోటి; రాజ్-కోటి జంటలోని కోటి. ఆయన దగ్గర పని చేసినవారు ఆయన తండ్రి బాణీని చేతిలోకి తీసుకున్నారన్న మాట. పాత బాణీకి కొత్త బట్ట కట్టడం తేలికనిపిస్తుంది. చిక్కు ఎక్కడంటే, 1955 నాటి బాణీ రాగం ఆధారంగా నడుస్తుంది. దాని కింద కార్డుల ఆలోచన అంతగా ఉండదు. కొత్తగా చేసేవాడు బేసును, కార్డులను దాని కింద పరచాలి. తప్పు కార్డు పడితే స్వరాలు అవే ఉన్నా రాగం రంగు మారిపోతుంది. బాణీలో ఒక్క స్వరం కదల్చకుండా, దాని కింద నేలను మాత్రం మార్చగలగాలి. పాత పాట తెలిసినవాళ్ళూ కొత్త కుర్రవాళ్ళూ ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి ఆ నేల సరిగ్గా పడిందనుకోవాలి.

ఇప్పుడు అసలు కార్ఖానాలోకి పోదాం. సినిమా షూటింగ్, ఎడిటింగ్, డబ్బింగ్ అయ్యాక సన్నివేశాలకు సంగీతం వేయడాన్ని రీ-రికార్డింగ్ అంటారు. పనివాళ్ళ నోట అది ఆర్.ఆర్. ఫిల్ము రోజుల్లో వెయ్యి అడుగుల రీలు సుమారు పదకొండు నిమిషాలు నడిచేది. అలాంటివి ఒక సినిమాకు దాదాపు పదిహేను. సంగీత దర్శకుడు ఒక్కో రీలును మొదట ఊరికే చూస్తాడు. రెండోసారి చూసేటప్పుడు సంగీతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో గుర్తు పెట్టుకుంటాడు. మూడోసారి లెక్క మొదలవుతుంది.

ఆ లెక్క తెలిస్తే ఆశ్చర్యం రెట్టింపవుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 1,440. నిమిషానికి ఎన్ని బీట్లు వేస్తామో ఆ అంకెతో 1,440ని భాగిస్తే ఒక్కో బీటుకు ఎన్ని ఫ్రేములో వస్తుంది. 120 బీట్ల వేగానికి 12 ఫ్రేములు, 96కు 15, 90కి 16. ఇప్పుడు బురుజు దగ్గరి ఘట్టం లాంటిదాన్ని ఊహించుకుందాం. విలన్ చూపు హీరో మీద పడిన చోటు నుంచి మొదటి దెబ్బ దాకా 40 సెకన్లు అనుకుందాం. అంటే 960 ఫ్రేములు. 96 వేగం పెట్టుకుంటే సరిగ్గా 64 బీట్లు, నాలుగేసి బీట్ల చొప్పున 16 ఆవర్తాలు. పదహారో ఆవర్తం ముగిసిన మరుక్షణం సమం పడేది, దెబ్బ పడేది ఒకే ఫ్రేములో. ఇక్కడ దర్శకుడు ఎడిటింగ్‌లో రెండు సెకన్లు కోసేశాడనుకోండి. 48 ఫ్రేములు పోయి 912 మిగిలాయి. పాత వేగంలో దెబ్బ పడేసరికి తాళం ఆవర్తం మధ్యలో ఉంటుంది. 16 ఆవర్తాలూ ఉంచాలంటే వేగాన్ని 101కి పెంచాలి. లేదా ఒక ఆవర్తం తీసేసి 60 బీట్లు చేస్తే, బీటుకు 15.2 ఫ్రేములు, వేగం 95కు కాస్త తక్కువ. మొదటిది ఆవేశం పెంచుతుంది, రెండోది బరువు పెంచుతుంది. ఏది కావాలో సన్నివేశమే చెప్పాలి. సీక్వెన్సర్‌లో ఆ అంకె మార్చగానే యంత్రంలోని వాయిద్యాలన్నీ కొత్త వేగానికి వస్తాయి. వందమంది హాల్లో కూర్చున్న రోజుల్లో ఇదే మార్పుకు అందరూ మళ్ళీ వాయించాల్సి వచ్చేది.

రెండో లెక్క మాటలది. ఫ్యాక్షన్ సినిమా అంటే సంభాషణల సినిమా. మనిషి మాటను స్పష్టంగా వినిపించే హల్లుల శబ్దాలు ఎక్కువగా సెకనుకు వెయ్యి నుంచి నాలుగు వేల కంపనాల మధ్య ఉంటాయి. సంగీతం కూడా అక్కడే మోగితే మాట మునిగిపోతుంది. అందుకని మాటలున్న చోట సంగీతాన్ని రెండు అంచులకు నెడతారు. కింద లోతైన బేసు, కదలని శ్రుతి, దూరంగా డ్రమ్ము. పైన సన్నటి తీగల వణుకు. మధ్య భాగం నటుడిది. మాట ఆగగానే ఆ ఖాళీలోకి కొమ్ములు, కోరస్, తప్పెట దూకుతాయి. హాల్లో ఈలలు పడేది అక్కడ. నటుడి డైలాగుకు పడిన ఈల అనుకుంటాం; ఆ డైలాగు చెవిలో దిగేలా చోటు వదిలినవాడికి కూడా అందులో వాటా ఉంది.

మూడోది మౌనం. కొట్టడానికి ముందు అర సెకను సంగీతం మొత్తం ఆగితే దెబ్బ బలం పెరుగుతుంది. ఆగడానికి ముందు శబ్దం నిండుగా ఉంటేనే ఆ ఆగడం తెలుస్తుంది. 'చూడాలని వుంది'లో రైల్వే స్టేషన్ దగ్గర నాయికా నాయకులు ఒకరినొకరు చూసుకునే ఘట్టం మాటల్లేకుండా నడుస్తుంది. అక్కడ రచయితకు పని లేదు. చూపు కలవడం, తప్పుకోవడం, మళ్ళీ వెతకడం అన్నీ సంగీతమే చెప్పాలి. సీమ సినిమాల్లో మోత వేయగలిగిన చెయ్యే ఇక్కడ చూపుల వెంట మెత్తగా నడిచింది. రెండింటికీ మూలం ఒక్కటే, తెర మీద కదలికను ఫ్రేము లెక్కన చదవడం.

ఇంత సూక్ష్మమైన పనిని ఎంత వేగంగా చేశారన్నది మరో విశేషం. 2001 సంక్రాంతికి తెలుగులో మూడు పెద్ద సినిమాలు పోటీపడ్డాయి. చిరంజీవి 'మృగరాజు', బాలకృష్ణ 'నరసింహనాయుడు', వెంకటేశ్ 'దేవీపుత్రుడు'. అడవి కథ, సీమ కథ, సముద్రం అడుగున మునిగిన నగరం కథ. మూడింటికీ సంగీతం మణిశర్మే. పోటీలో ఎవరు గెలిచినా హాల్లో మోగేది ఆయన పాటే. అదే ఏడు ఫిబ్రవరిలో 'మురారి', ఏప్రిల్‌లో 'ఖుషి'. ఒక్కడే కూర్చుని అన్ని మెట్లూ నొక్కితే ఇది సాధ్యం కాదు. లయ చూసేవాళ్ళు ఒకరు, శబ్దాలు వెతికేవాళ్ళు ఒకరు, స్ట్రింగ్స్ రాసేవాళ్ళు ఒకరు, ఇలా పని పంచి, ఎవరి పని ఎంత దాకా అన్నది తేల్చి, చివరి రంగు తానే అద్దాలి. ఆయన దగ్గర పని చేసినవారిలో హారిస్ జయరాజ్, తమన్ ఉన్నారు. హారిస్ 2001లో 'మిన్నలే'తో, తమన్ ఆ తర్వాత కొన్నేళ్ళకు 'కిక్'తో సొంత పేరు సంపాదించుకున్నారు. కొడుకు మహతి స్వరసాగర్ 'ఛలో', 'భీష్మ' సినిమాలతో అదే దారిలో నడిచారు. ఒకప్పుడు మణిశర్మ ఇతరుల బల్ల దగ్గర నేర్చుకున్నట్టే, ఆయన బల్ల కూడా కొందరికి బడి అయింది.

ఆయన పాటల నిర్మాణం ఎంత గట్టిదో తేల్చే పరీక్ష మన ఊళ్ళలోనే జరుగుతుంది. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి ఆంధ్ర, కర్ణాటక, తెలంగాణల నుంచి జనం కదులుతారు. ఆ కాలంలోనూ, పెళ్ళిళ్ళ కాలంలోనూ ఆర్కెస్ట్రాలకు పని ఉంటుంది. ఆ వేదిక మీద కీబోర్డు ఒక్కటే, 61 మెట్లు. వాయించేవాడు దాన్ని మధ్యలో రెండుగా విడగొట్టుకుంటాడు. ఎడమ భాగంలో మూడు వేళ్ళు పెడితే పెట్టెలో ముందే నింపి ఉంచిన స్టైల్ బేసునూ, లయనూ, కార్డులనూ నడిపిస్తుంది. కుడి భాగంలో ఫ్లూటు, సన్నాయి, వయొలిన్ శబ్దాలను ఒక్క మీటతో మార్చుకుంటూ ఇంటర్లూడ్లు వాయిస్తాడు. అవసరమైనప్పుడు ఎడమచెయ్యి కార్డు వదిలి పిచ్ బెండ్ మీదికి పోతుంది, మళ్ళీ తాళం తప్పకుండా వెనక్కి వస్తుంది. స్టూడియోలో ముప్పై ట్రాకుల్లో ఉన్న పాటను ఇతను మూడుకు తగ్గించాలి. ఏవి ఉంచాలో చెవే చెబుతుంది: లయ నడక, బేసు కదలిక, పాట మొదట్లో వచ్చే ఆ నాలుగు స్వరాల బిట్టు. ఈ మూడింటితోనే జనం పాటను గుర్తుపట్టి లేచి చిందులేస్తే, మిగతా ఇరవై ఏడు ట్రాకులూ అందం కోసం చేరినవే, పాట నిలబడింది ఈ మూడింటి మీదేనని తేలిపోతుంది. మణిశర్మ పాటలు ఈ పరీక్షలో తేలిగ్గా నెగ్గుతాయి. కీబోర్డు మీద పుట్టినది కీబోర్డు మీద నిలవడంలో న్యాయం కూడా ఉంది.

కాలంతో పనిముట్లు మారాయి. విడివిడి కీబోర్డుల శబ్దాలన్నీ కంప్యూటర్‌లోకి చేరాయి. స్ట్రింగ్స్ మొత్తం ఒక సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతాయి. టేపు బదులు హార్డ్ డిస్కు. ఆ మార్పుల మధ్యే 'అతడు', 'పోకిరి', 'ఖలేజా' వచ్చాయి. కొన్నేళ్ళు పక్కకు జరిగినట్టు కనిపించి, 2019లో 'ఇస్మార్ట్ శంకర్'తో తెలంగాణ నడకను ఎలక్ట్రానిక్ మోతతో కలిపి మళ్ళీ కుర్రకారును ఆడించారు. ఇన్నేళ్ళలో మారనిది ఒక పద్ధతి: ముందు సన్నివేశాన్ని కొలవడం, తర్వాత పొరలు వేయడం, ఆ తర్వాత అవసరం లేనివి తీసేయడం. మూడో పనే కష్టం. యంత్రం ఎన్ని శబ్దాలైనా ఇస్తుంది. ఏది తీసేయాలో అది చెప్పలేదు.

ఈసారి 'ఒక్కడు' టీవీలో వచ్చినప్పుడు బురుజు ఘట్టాన్ని ఒక పద్ధతిగా చూడండి. మొదట శబ్దం పూర్తిగా తగ్గించి చూస్తే తెర మీద కదలికలు ఎన్నిసార్లు వేగం మారుతున్నాయో తెలుస్తుంది. రెండోసారి శబ్దం పెట్టి, మాటలు వదిలేసి, కింది బేసును మాత్రమే పట్టుకోండి. మూడోసారి సంగీతం ఎక్కడెక్కడ ఆగుతోందో చూడండి. మూడుసార్లు అలా చూశాక, నాలుగోసారి మామూలుగా కథ కోసం చూసినా సరే, ఆ పని చేసిన చెయ్యి మాత్రం ఇక కనిపించకుండా పోదు.